పానాతో పోయేదానికి గ్యాస్ కట్టర్

స్టాండర్డ్ హెరాల్డ్ కారుకు పైకప్పు అతికించి ఉండదు, బోల్టులతో బిగించి ఉంటుంది. ముందు అద్దం చట్రం దగ్గర కొన్ని, వెనక కొన్ని. లోపలి గుడ్డ విప్పి, పానా పట్టి బోల్టులు ఊడదీసి, ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని ఎత్తితే కప్పు చేతికొచ్చేస్తుంది. కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చు. హెరాల్డ్ పిచ్చి పట్టినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పెద్దవూరలో ఎరువుల కొట్టు నడుపుకునే నేను మాత్రం ఆ కప్పును గ్యాస్ కట్టర్‌తో కోయించాను.

తెలియక చేశాననే సాకు కూడా నాకు లేదు. తెలిసిన మనిషి ముందే ఆపబోయాడు. మద్రాసులో ఆ కార్లు తయారుచేసిన ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరైన నెల్లూరు పెద్దాయన ఒకాయన ఫోన్లో, "కప్పు జోలికి పోయేముందు లోపలి గుడ్డ విప్పి చూసి నాకు ఫోన్ చెయ్యి అబ్బయా" అన్నాడు. ఆయన అంతా తనే చెప్పేసే రకం కాదు, మన కళ్లతో మనం చూస్తే గానీ బుద్ధికెక్కదని నమ్మే మనిషి. నేను గుడ్డా విప్పలేదు, ఫోనూ చెయ్యలేదు. మూర్ఖత్వానికి అజ్ఞానం ఒక్కటే చాలదు. చెప్పేవాడు దొరికినా చెవిన పెట్టకుండా ఉండే నేర్పు కావాలి. అది నాకు పుష్కలంగా ఉంది.

కారు 1966 నాటిది, రెండు తలుపులది. నాగార్జునసాగర్ పనులు జరిగే రోజుల్లో ఒక కాంట్రాక్టరు కొన్నాడని అమ్మినవాళ్లు చెప్పారు. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాటికి అది కొత్త కారు. నా చేతికొచ్చేనాటికి రేకుల షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకునే చోటు. ఆ కాలంలో మన దేశంలో కారంటే ప్రధానంగా అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, ఈ మూడే. అందులో సోకంతా హెరాల్డ్‌దే. ఇటలీలోని ట్యూరిన్‌వాడు జొవాన్ని మికెలోట్టి గీసిన బొమ్మ అది. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో వచ్చింది. 1961 నుంచి మద్రాసు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు ఇక్కడ తయారుచేశారు. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందు భాగమంతా లేచి, ఇంజనూ చక్రాలూ మొత్తం కళ్లముందుకొస్తాయి. ఇరుకు సందులో 25 అడుగుల జాగాలో గిర్రున తిరిగేస్తుంది.

ఇంత వయ్యారం ఉన్న బండిని ఉన్నదున్నట్టు బాగుచేయించుకుంటే సరిపోయేది. కానీ ఈలోగా నేను స్పిట్‌ఫైర్ బొమ్మ చూశాను. 1962లో ట్రయంఫ్ వాళ్లే తెచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది, కప్పు లేనిది. దాన్ని కూడా మికెలోట్టే గీశాడు. హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిచేసి దాని మీదే కట్టారు. ఈ ఒక్క ముక్క నా తలకెక్కింది. ఛాసిస్ అదే, గీసినవాడూ వాడే. ఇక కప్పు తీసేస్తే నాది స్పిట్‌ఫైర్ కాక మరేమిటి?

మరేమిటో లెక్కలు చెబుతూనే ఉన్నాయి. స్పిట్‌ఫైర్ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం హెరాల్డ్ కంటే ఎనిమిదిన్నర అంగుళాలు తక్కువ. దాని ఇంజను 1147 సీసీ, రెండు కార్బురేటర్లు, 63 గుర్రాల బలం. నాది 948 సీసీ, ఒకటే కార్బురేటరు, కొత్తలో ఉన్నప్పుడే 35 గుర్రాలు దాటని బలం. అంబారీ కట్టినంత మాత్రాన గేదె ఏనుగవదని మా ఊళ్లో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. నేనైతే అంబారీ కట్టడం కాదు, ఉన్న కప్పే తీసేసి ఏనుగును చేద్దామనుకున్నాను.

సలహాలు అడగలేదని కాదు. అడిగాను, బాగానే అడిగాను. సూర్యాపేటలో పాత ఫియట్‌ను కన్నబిడ్డలా చూసుకునే మాస్టారిని అడిగాను. "వద్దు సార్, ఒరిజినల్‌గ ఉంచుండ్రి" అన్నాడు. కోదాడలో లారీ బాడీలు కట్టే మిత్రుణ్ని అడిగాను. "ముందు ఎట్ల బిగించిండ్రో చూద్దాం, ఆగన్నా" అన్నాడు. మా ఆవిడను కూడా అడిగాను. "వానొస్తే ఏం జేస్తరు?" అంది. అన్నిటికంటే పదునైన ప్రశ్న అదే. చివరికి మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మా బావమరిదిని అడిగాను. హెరాల్డ్ ఎలా ఉంటుందో కూడా అతనికి తెలియదు. "కోసెయ్ బావా, అదిరిపోతది!" అన్నాడు. అక్కడితో సలహా సంఘాన్ని రద్దుచేశాను. నేను చేసింది సలహా అడగడం కాదు, ముందే రాసుకున్న తీర్పుకు సాక్షి కోసం తిరగడం. సాక్షి దొరికాడు.

ట్రాలీలు, గేట్లు వెల్డింగ్ చేసే మేస్త్రీ వచ్చాడు. కారు చుట్టూ తిరిగి చూసి, "సార్, గిది ఎక్కడో ఊడొచ్చేటట్టున్నది, జర చూద్దామా?" అన్నాడు. ఎన్నడూ హెరాల్డ్ మొహం చూడని మనిషి, పని అనుభవంతో పట్టేశాడు. "నువ్వు కోయవయ్యా" అన్నాను. కోశాడు. ఆ వేడికి ముందు అద్దం చట్రం వంకరపోయింది, అద్దం నిలువునా పగిలింది. రేకు చివరలు రంపంలా మిగిలాయి. సాయంత్రం దానిలో కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుని ఫొటో దిగాను. ఆ ఫొటో ఇప్పటికీ బంధువుల ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

ఆ కప్పు బోల్టుల మీద ఎందుకుందో నేను తర్వాత తెలుసుకున్నాను. 1950ల్లో మిగతా కంపెనీలు ఛాసిస్ అనేదే లేకుండా బాడీ మొత్తం ఒకే పెట్టెలా కడుతున్నాయి. స్టాండర్డ్-ట్రయంఫ్ వాళ్లకు బాడీలు అందించే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను పోటీ కంపెనీ బీఎంసీ కొనేసింది. పెద్ద బాడీని ఒక్కచోట చేయించుకునే దారి మూసుకుపోయింది. దాంతో విడిగా ఛాసిస్ పెట్టి, భాగాలను వేర్వేరు చోట్ల చేయించి, బోల్టులతో బిగించే పద్ధతి పట్టారు. గతిలేక ఎంచుకున్న ఆ పద్ధతే, విడిభాగాలు ఓడల్లో తెప్పించుకుని బిగించుకునే మద్రాసులాంటి చోట్లకు కలిసొచ్చింది. చేతిలో పానా ఉన్న మామూలు మనిషి విప్పి బిగించుకోగల కారు అది. నేను మామూలు మనిషిని కూడా కాలేకపోయాను.

కప్పుతో నా తెలివి ఆగలేదు. హెరాల్డ్ ముందు చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ కింది చివర మరలు ఉంటాయి. ఆ మరలు ఒక ఇత్తడి ముక్కలోకి దిగి ఉంటాయి. దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరల్లోనే తిరుగుతుంది. అందుకని అందులో పొయ్యాల్సింది గేర్ ఆయిల్, గ్రీజు కాదు. గ్రీజు మరల చివరిదాకా చేరదు, గట్టిపడి కూర్చుంటుంది. నీళ్లు దిగి తుప్పు పడుతుంది. చివరికి కడ్డీ పుటుక్కున తెగి చక్రం మడత పడుతుంది. నెల్లూరు పెద్దాయన "ఆయిలే పొయ్యాల, గ్రీజు కాదబ్బయా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఇంగ్లండులో 1977 నుంచీ ఉన్న ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్బువాళ్లూ కొత్తగా చేరినవాళ్లకు నూరిపోసే పాఠం ఇదే. నేనేమో మా ట్రాక్టరుకు కొట్టే గ్రీజు గన్నే తెచ్చి, ఉబికి బయటికొచ్చేదాకా కొట్టించాను. గ్రీజు ఎక్కువైతే బండికి బలమే కదా అనుకున్నాను.

ఎన్నో ఏళ్లుగా ఎండిపోయి తుప్పెక్కిన మరలకు నా గ్రీజు తోడైంది. సాగర్ రోడ్డు మీద, బండి నెమ్మదిగా మలుపు తిరుగుతుండగా ముందు ఎడమ చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుపోయి, కారు ముక్కు నేల మీద పెట్టింది. దెబ్బలేమీ తగల్లేదు. కప్పు లేదు కాబట్టి లోపలున్నది నేనేనని దారిన పోయే ప్రతివాడికీ తెలిసింది. అంతే నష్టం.

ఇక కాగితాలు. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. వింటేజ్ కింద నమోదు చేయించుకుంటే నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. కాకపోతే ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులేవీ లేకుండా మొదట వచ్చినట్టే ఉండాలి. అసలు ఏ వాహనాన్నైనా తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎప్పట్నుంచో చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అంటే వయసు చేత వింటేజ్ కావాల్సిన బండిని నేనే నా డబ్బుతో తుక్కు చేసుకున్నాను.

అప్పుడు ఫోన్ చేశాను. సాక్షి కోసం కాదు, నిజంగా సాయం కోసం. మాస్టారూ, కోదాడ మిత్రుడూ ఒక ఆదివారం పొద్దున్నే దిగారు. విజయవాడ ఆటోనగర్‌లో ముక్కలై పడున్న ఒక హెరాల్డ్ కప్పునూ, అద్దం చట్రాన్నీ కోదాడ మిత్రుడు లారీ మీద వేయించుకొచ్చాడు. కొత్త ట్రనియన్లు, కడ్డీలు హైదరాబాదులో హెరాల్డ్ ఉన్న మరొకాయన తన కోసం దాచుకున్నవి. "పెట్టుకోండి, మీ బండి రోడ్డెక్కితే మాకూ ఒక తోడు" అని పంపించాడు. చేసిన పనికి తిడతారనుకుని సిద్ధంగా ఉన్నాను. ఎవ్వరూ పల్లెత్తు మాట అనలేదు. లోపల మిగిలిన గుడ్డ పీకి, పానాతో ఒక్కో బోల్టూ విప్పుతుంటే, నేను కోయించిన కప్పు తాలూకు మొండాలు ఒకదాని తర్వాత ఒకటి పళ్లెంలో పడ్డాయి. మధ్యాహ్నం నాటుకోడి కూర వడ్డించే వేళకు కొత్త కప్పు కూర్చుంది. ఆ కారును కట్టినవాళ్లు నాలాంటివాడు ఒకడు పుడతాడని ముందే లెక్కవేసుకున్నారేమో. చెడగొట్టడం ఎంత సులువో, సరిచెయ్యడం అంతకంటే సులువుగా పెట్టారు. వీడియో కాల్‌లో నెల్లూరు పెద్దాయన అంతా చూసి, "ఇప్పుడు కనపడిందా, గుడ్డ కింద ఏముందో?" అన్నాడు. అంతే, ఆ తర్వాత కప్పు మాట ఎత్తలేదు. నేరుగా ట్రనియన్ల దగ్గరికి పోయాడు.

వీళ్లెవరికీ నా దగ్గర అనుభవం తప్ప ఇచ్చేందుకేమీ లేదు. అందుకే ఎవరైనా అడిగితే ఉచితంగా పంచిపెడుతున్నాను. మొన్న కోదాడ మిత్రుడి మేనల్లుడు ఫోన్ చేశాడు. 1980ల నాటి రాజ్‌దూత్ 350 దొరికిందట, యమహా ఆర్‌డీ 350నే మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్లు తయారుచేసింది. సౌండు అదరాలని దాని రెండు సైలెన్సర్లూ మధ్యకు కోయించేద్దామనుకుంటున్నాడు. "అన్నా, మీ సలహా చెప్పండి" అన్నాడు.

చెప్పాను. టూ స్ట్రోక్ బండి సైలెన్సరు ఊరికే పొట్ట ఉబ్బించుకుని ఉండదనీ, ఇంజను నుంచి వచ్చిన పొగ ఆ పొట్టలో తగిలి వెనక్కి కొట్టిన ఒత్తిడే బయటికి జారిపోతున్న పెట్రోలును మళ్లీ సిలిండరులోకి నెడుతుందనీ, కోస్తే చప్పుడు పెరిగి బలం పోతుందనీ, ఒకసారి కోశాక అతుకులేసినా ఆ కొలత మళ్లీ రాదనీ, అన్నీ విడమరిచి చెప్పాను. నా కప్పు కథ కూడా దాచుకోకుండా చెప్పాను. కుర్రాడు ఎంతో మర్యాదగా విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు, ఊకొట్టాడు, నవ్వాల్సిన చోట నవ్వాడు. చివర్న, "చాలా థ్యాంక్సన్నా. ఇంకో ఇద్దర్ని గూడ అడిగి చూస్త" అన్నాడు.

ఆ ఇద్దరిలో ఒకడు మా బావమరిదేనట.