నడుస్తోంది కదా!

హైటెక్ సిటీలో వెతకండి, హ్యూస్టన్‌లో వెతకండి, ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ‘నడుస్తోంది కదా’ గారు ఒకరుంటారు. అసలు పేరు హెచ్ఆర్ వాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండదు. నాకు తెలిసిన నమూనా ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 2 కాలంలో రాసిన స్క్రిప్టే ఇప్పటికీ నైట్ షిఫ్టు డ్యూటీలు వేస్తుంది. దాని కాపురం ఆయన టేబుల్ కింద ఉన్న పాత మెషిన్‌లో. ఊడ్చేవాళ్లు ప్లగ్గు పీకకుండా దాని మీద కాగితం అంటించారు: ‘స్విచ్ ఆపరాదు. ఆపినచో నన్ను అడగరాదు.’

పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. పాత కోడు ఇందులో యథాతథంగా నడవదని చేసినవాళ్లే చెప్పారు. ఆ నిజాయితీ ఈయనకు నచ్చలేదు. పాతదాన్ని 2015లో ఆపేస్తామన్నారు, తర్వాత 2020కి జరిపారు. దాంతో ఈయన ధీమా పెరిగింది. “వాయిదాలు మనకు కొత్తా? మళ్లీ జరుపుతారు చూడండి.” 2020 జనవరి 1తో నిజంగానే సపోర్టు ముగిసింది. ఏప్రిల్‌లో 2.7.18 అని ఆఖరి విడుదల ఒకటి వచ్చేసరికి, “పోయిందన్నారు, మరి ఇదేమిటి?” అని టీమంతటికీ మెయిలు పెట్టారు.

బద్ధకస్తుడనుకోకండి. ఆ స్క్రిప్టులో ఏ లైను ఎందుకుందో ఆయనకొక్కడికే తెలుసు. శుక్రవారం సెలవుండే గల్ఫ్ క్లయింటు కోసం రాసిన షరతు కూడా అందులో భద్రంగా ఉంది. క్లయింటు వెళ్లిపోయి చాలా కాలమైంది.

కొత్తగా చేరిన అమ్మాయి ‘2టు3’ అనే టూల్ నడిపింది. అది ప్రింట్‌లకు బ్రాకెట్లు తగిలించింది, ఎక్స్‌రేంజ్‌ని రేంజ్ చేసింది, భాగహారం జోలికి మాత్రం పోలేదు. పాత పైథాన్‌లో 7ని 2తో భాగిస్తే 3, కొత్తదాంట్లో 3.5. స్క్రిప్టు షిఫ్టుకు మూడున్నర మంది చొప్పున అచ్చేసి, పేర్ల దగ్గరికొచ్చి చతికిలబడింది.

“చూశావామ్మా! నా స్క్రిప్టు ఇన్నేళ్లలో ఒక్క మనిషినీ సగానికి నరకలేదు.”

“మూడూ మూడూ ఆరే కదా సార్. మరి ఏడో మనిషి?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జాబితా అడుగున ఉన్న కుర్రాడు నైట్ డ్యూటీ ఎరగకుండా ఇంత కాలం హాయిగా ఎలా నిద్రపోయాడో ఆఫీసుకు అప్పుడర్థమైంది. స్క్రిప్టు మార్చొద్దని ఈయన తరఫున గట్టిగా వాదించేది ఆ కుర్రాడే.

ఓటమి ఒప్పుకుంటే ఆయన ఆయనెందుకవుతారు? “పేర్లు తెలుగులో ఉంటే నీ కొత్తదేం చేస్తుంది?” అన్నారు. ‘తెలుగు’ పొడవెంతంటే పాతది బైట్లు లెక్కబెట్టి 18 అంటుంది. కొత్తది గుణింతపు గుర్తుల్ని విడదీసి 6 అంటుంది. ఒకటో తరగతి పిల్లాడు మూడంటాడు. “ఇద్దరికీ రానప్పుడు పాతవాడే నయం” అని తీర్పిచ్చేశారు.

ఆ అమ్మాయి ఓపికకు దండం పెట్టాలి. భాగహారానికి రెండు గీతలు పెట్టింది, మిగిలిన మనిషిని మొదటి షిఫ్టులో వేసింది, ‘సిక్స్’ లైబ్రరీ తెచ్చి అతికించింది. ఒకే స్క్రిప్టు పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ ఒకేలా నడిచింది. ఆయన రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి, వేలితో గీస్తూ పేరు పేరునా సరిచూశారు.

“ఇక ఆ పాత మెషిన్ తీసేద్దామా సార్?”

“రెండింట్లోనూ నడుస్తోందిగా! ఇప్పుడిక తీయాల్సిన అవసరమేముందమ్మా?”