ఒంటి పేట

తాడు అంటే ఏమిటో తెలియకుండానే ఎనిమిదేళ్ళు తాళ్ళతో శిల్పాలు చేశాను. ఈ మాట ఇంతవరకూ ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలంటే 2023 ఆగస్టులో హైదరాబాదులో జరిగింది చెప్పాలి. అది చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు.

మాది నూజివీడు దగ్గర పల్లె. ఇంటి వెనక దడి దాటితే కనుచూపు మేర మామిడి తోటలే. మా నాన్న తోటలో చిన్న రసాలు, పెద్ద రసాలు ఎక్కువ. గట్టు వెంట కలెక్టరు చెట్లు కొన్ని, దొడ్లో ఒక్కటంటే ఒక్క బంగినపల్లి. నేను బొమ్మలు నేర్చుకుంటానంటే ఆయన అడ్డు చెప్పలేదు. కాయ అమ్మిన డబ్బుతో నన్ను చదివించాడు.

రంగులు వదిలి నార వైపు రావడానికి కారణం మృణాళినీ ముఖర్జీ. ఆమె 1949లో బొంబాయిలో పుట్టారు, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. మగ్గం లేదు, ముందుగా గీసుకున్న నమూనా లేదు. నార తాళ్ళకు రంగు వేసుకుని, చేత్తో ముడి మీద ముడి వేసుకుంటూ నిలువెత్తు దేవతల్ని, యక్షిణుల్ని, పూలను నిలబెట్టారు. 2015లో ఢిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఆమె జీవితకాలపు పనినంతా ప్రదర్శనకు పెట్టారు. అది మొదలైన కొద్ది రోజులకే ఆమె కన్నుమూశారు. ఆ ప్రదర్శన చూడటానికి నేను రైలెక్కి వెళ్ళాను. 'వనశ్రీ' ముందు నిలబడినప్పుడు ఒళ్ళు జలదరించింది. రాయి కాదు, కంచు కాదు. పశువుల కొట్టంలో మేకుకు వేలాడే వస్తువుతో చేసిన దేవత అది. ఇంటికొచ్చి మర్నాడే జనపనార కొన్నాను.

తర్వాత పుస్తకాల్లో పోలండు శిల్పి మాగ్దలేనా అబకనోవిచ్ గురించి చదివాను. 1960ల్లో ఆమె పాడైపోయిన ఓడ తాళ్ళను ఏరి తెచ్చి, పేటలు విప్పి, రంగులద్ది, మనిషి లోపల దూరి నిలబడగలిగినంత పెద్ద ఆకారాలు నేసింది. పేటలు విప్పడం నాకు బాగా నచ్చింది. ఆమె విప్పింది పేనడం తెలిసినవాళ్ళు పేనిన తాళ్ళని. ఆ సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు.

2023లో హైదరాబాదులో ఒక గ్యాలరీ వాళ్ళు ప్రదర్శనకు పిలిచారు. తొమ్మిదడుగుల టెంక ఒకటి చేసి గాల్లో వేలాడదీయాలని నా ఆలోచన. రసాలు తిని పెరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. జుర్రుకున్నాక టెంకను కడిగి గోడ మీద ఎండబెడితే పీచంతా లేచి జుట్టులా నిలబడుతుంది. చిన్నప్పుడు ఆ జుట్టును దువ్వి, బొగ్గుతో కళ్ళు గీసి, వాటికి పేర్లు పెట్టేవాళ్ళం. బంగినపల్లి టెంకకు అంత పీచుండదు, ఆ ఆట రసాల టెంకలతోనే. నాకు కావలసింది ఆ జుట్టే. మెత్తగా, పసుపుపచ్చగా, వెలుతురు పడితే మెరిసేలా ఉండాలి.

జూన్ నెలాఖరుకి కోతలైపోయి, కాయలు గ్రేడింగ్ చేసే రేకుల షెడ్డు ఖాళీ అయింది. అక్కడ పని మొదలుపెట్టాను. విజయవాడ వన్‌టౌన్ నుంచి తెచ్చిన జనపనారను దువ్వి, చేత్తో తిప్పే కర్రకు కట్టి, ఒక్కొక్క పేటగానే పురి ఎక్కించాను. రెండు పేటలు కలిపి పెనవేస్తే నార మెరుపు లోపలికి పోతుంది, మోటుగా కనిపిస్తుంది. ఒంటి పేట పట్టులా ఉంటుంది. ఆ అందం కోసం ఒంటి పేటతోనే మొత్తం ముడివేసుకుంటూ పోయాను. పైన మోసే తాళ్ళు కూడా ఒంటి పేటవే. బయట వాన. నార చెమ్మగానే ఉండేది. తడి నార ముడికి బాగా లొంగుతుందని, అది చాలక నేనే నీళ్ళు చల్లి బిగించేదాన్ని.

మా తోటలో నలభై ఏళ్ళుగా కోతలు చేయించే తాత ఉన్నాడు. కోతల్లేని రోజుల్లో పలుపులు, పగ్గాలు పేనుతుంటాడు. ఒకరోజు గొడుగు గుమ్మం దగ్గర ఆనించి షెడ్డులోకి వచ్చాడు. కాసేపు చూశాడు. వేలాడుతున్న కొస ఒకటి వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇది పేటమ్మా. తాడు కాదు."

"ఒంటి పేటే తాతా. కావాలనే."

"ఒంటి పేటకి ఎంత పురి ఎక్కిస్తే అంతా ఎనక్కి తిరుగుద్ది. రెండో పేట ఎదురు పెనేస్తేనే ఆగేది. తడి మీద ముడెయ్యమాకమ్మా, ఆరాక జారుద్ది."

నేను అన్న మాట ఇది: "గొడ్డుని కట్టే పలుపు కాదులే తాతా, బొమ్మ."

"సరేనమ్మా" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. నొచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు. ఆయన చేసేది పని, నేను చేసేది కళ అని నాలో ఒక గట్టి గీత ఉండేది. ఎవరు గీశారో తెలియదు. మృణాళినీ ముఖర్జీ శిల్పాలను అవి కళ కాదు, చేతిపని అన్నవాళ్ళ మీద నాకు మండిపోయేది. నేను తాతతో అన్నదీ ఆ మాటే. అప్పుడు తెలియలేదు.

షెడ్డులో టెంకను మూడు దూలాల నుంచి మూడు వైపులా కట్టాను కాబట్టి కదలలేదు. హైదరాబాదులో మాత్రం ఒకే కొక్కేనికి, ఒకే తీగతో వేలాడదీయమన్నాను. అది గాల్లో తేలుతున్నట్టుండాలి. గది నిండా ఏసీ. ప్రారంభానికి ముందురోజు సాయంత్రం లైట్లు వేసి చూస్తే అది చాలా నెమ్మదిగా తిరుగుతోంది. గాలికి తిరుగుతోందనుకుని మురిసిపోయాను, ఫోనులో వీడియో తీసుకున్నాను. తలుపులూ అద్దాలూ మూసి ఉన్నాయి. ఆ గదిలో గాలెక్కడిది?

అది పురి విప్పుకుంటోంది. తన బరువే తనను తిప్పుతోంది. పురి పోయిన పేటలో పోగుకీ పోగుకీ మధ్య పట్టు ఉండదు. ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి. చెమ్మ మీద ఉబ్బి ఉన్న నార ఏసీ గదిలో ఆరి సన్నబడింది, ముళ్ళు వదులయ్యాయి. తాత చెప్పిన రెండు మాటలూ ఒకే రాత్రి జరిగాయి. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేసరికి కొక్కేనికి కాస్త పీచు మాత్రం అంటుకుని ఉంది. కింద నార కుప్ప.

ఇక్కడిదాకా నాది తెలివితక్కువతనం. ఇంతవరకే అయితే ఇది రాసేదాన్ని కాదు.

సాయంత్రం ఐదింటికి ప్రారంభం. తీసేద్దామా అని గ్యాలరీ వాళ్ళు అడిగారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ కుప్పను చేతులతో సర్దాను. పేర్ల కాగితం మార్చమన్నాను. 'టెంక' కొట్టేసి 'రాలుడు' అని రాయించాను. గాలికి రాలిన కాయను మా వైపు రాలుడు అంటారు, దానికి ధర ఉండదు. వైశాఖంలో వచ్చే ఈదురుగాలి గురించి, ఒక్క రాత్రిలో పంట పోగొట్టుకున్న రైతు గురించి కింద నాలుగు వాక్యాలు చేర్చాను. వచ్చినవాళ్ళు ఆ కుప్ప చుట్టూ మౌనంగా నిలబడ్డారు. ఒక పెద్దాయన నా చేతులు పట్టుకున్నాడు. రైతు దుఃఖాన్ని ఇంత సూటిగా చూపినది ఇంకొకటి చూడలేదన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నేను తలూపాను.

నా చిన్నప్పుడు అలాంటి గాలి వచ్చింది. తెల్లారి తోటలోకి వెళితే అడుగు పెట్టడానికి చోటు లేకుండా కాయలు. మా నాన్న ఒక చెట్టు మొదట్లో కూర్చుని, ఒక పచ్చి కాయను ఒళ్ళో పెట్టుకుని, మాట్లాడకుండా ఉండిపోయాడు. ఆ రోజును నేను ఎవరికీ చెప్పుకోలేదు, అంత పదిలంగా దాచుకున్నాను. దాన్ని తీసుకెళ్ళి నా పనితనం లోపం మీద కప్పాను.

జనం పలచబడ్డాక ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కుప్ప పక్కన కూర్చుని, ఒక కొస తీసుకుని, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య దొర్లించింది. తాత నలిపినట్టే నలిపింది.

"మేడమ్, ఇది పురి విప్పుకుందా?"

నాకు గొంతు తడారిపోయింది.

"మా ఇంట్లో నేత మేడమ్. పడుగు నూలుకి పురి చాలకపోతే ఇట్టాగే జారిపోద్ది. అందుకని అడిగా."

"లేదమ్మా. అలా చేసిందే" అన్నాను.

"సారీ మేడమ్" అని, ఆ కొసను ఎక్కడ తీసిందో అక్కడే జాగ్రత్తగా పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అన్ని మాటల్లో నిజమైన మాట ఆ ఒక్కటే. దాన్ని తప్పంటే, తను పుట్టి పెరిగిన ఇంట్లో నేర్చుకున్నదే తప్పనుకుని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ప్రదర్శన ముగిశాక కుప్పను గోనెసంచుల్లో కుక్కుకుని ఊరికి తెచ్చాను. తాతకి జరిగిందంతా చెప్పాను, అబద్ధంతో సహా. ఆయన సంచి మూతి విప్పి ఒక పిడికెడు నార బయటకు తీశాడు.

"ఎంతసేపు నిలిచింది?"

"ఒక్క రాత్రి."

తలూపి, అరుగు మీద కూర్చుని, రెండు పాయలు విడదీశాడు. పంచె పైకి లాక్కుని, రెంటినీ పక్కపక్కనే తొడ మీద పెట్టి అరచేత్తో ముందుకు ఒక్క తోపు తోశాడు. రెండింటికీ పురి ఎక్కింది. చెయ్యి ఎత్తకుండా వెనక్కి లాగాడు. అవి ఒకదాన్నొకటి ఎదురు చుట్టుకుని తాడయ్యాయి. వెనక్కి తిరిగిపోవాలని రెండు పేటలూ చూస్తాయి, ఆ తిరుగుడే వాటిని ఒకదానికొకటి బిగిస్తుంది. ఆ తాడు నా చేతిలో పెట్టాడు. లాగి చూశాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి అర్థమైంది.

ఆ శీతాకాలం తోటలు పూత మీద ఉన్నప్పుడు రోజూ ఆయన దగ్గర కూర్చున్నాను. తొడ కమిలిపోయేది. తాళ్ళయ్యాక చిక్కం నేర్పమన్నాను. చిక్కం లేకుండా మా ఊళ్ళో కాయ దిగదు. పొడుగాటి గెడ కొసకు ఒక చట్రం, దానికి వేలాడే వల సంచి. తాత గట్టు మీద వేసిన జనుమును కట్టలు కట్టి చెరువులో ఊరబెట్టి, నార ఒలిచి, సన్నటి రెండు పేటల తాడు పేని దానితో అల్లుతాడు. కన్ను రెండు వేళ్ళు పట్టేంతే ఉండాలి. అంతకంటే పెద్దదైతే చిన్న రసం తల దూరి ఇరుక్కుంటుంది. సంచి మరీ బిగుతుగా ఉంటే కాయకి కాయ తగిలి దెబ్బ తింటుంది, మాగేటప్పుడు సరిగ్గా అక్కడే కుళ్ళుతుంది. తొడిమతో తెగాలి, లేకపోతే సొన కారి తొక్క మీద నల్లటి చార పడుతుంది. ఇన్ని లెక్కలూ ఆ ముళ్ళలో ఉన్నాయి. బరువును గాల్లో మెత్తగా పట్టుకోవడం, నేను తొమ్మిదడుగుల్లో చేయబోయి చేతకానిది, ఆయన చిక్కం ప్రతి వేసవిలోనూ రోజుకి కొన్ని వందల సార్లు చేస్తోంది. పుట్టినప్పటి నుంచీ నా కళ్ళ ముందే ఉంది. మా వంటింట్లో పాల దుత్తకు ఉట్టి ఉండేది, వసారాలో నులక మంచం ఉండేది, బావికి చేంతాడు ఉండేది. నేను ముడి నేర్చుకోవడానికి పోలండు పుస్తకాలు తిరగేశాను.

ఇప్పుడు కోతకొచ్చేవాళ్ళు నైలాను చిక్కాలే తెస్తున్నారు. జనుము చిక్కం తాత దగ్గర ఒకటి, నా దగ్గర నేను అల్లింది ఒకటి మిగిలాయి. నాది ఇంకా కన్ను సమంగా రాలేదు.

నిరుడు విజయవాడలో 'టెంక'ను మళ్ళీ వేలాడదీశాను. ఒకే కొక్కెం, ఒకే తీగ. ఈసారి మోసే తాళ్ళన్నీ ఎదురు పురి వేసిన రెండు పేటలు. ఆరిన నార మీద వేసిన ముళ్ళు. పైన జుట్టుకు మాత్రం ఒంటి పేట వదిలాను, అది బరువు మోయదు కాబట్టి. పేర్ల కాగితం మీద నా పేరు కింద, తాళ్ళు పేనినవారు అని తాత పేరు ఉంది. వద్దన్నా వేశాను. ఆయన బస్సెక్కి చూడటానికి వచ్చాడు. బొమ్మ మొత్తం చూడలేదు, తలెత్తి పై ముడినే చాలాసేపు చూశాడు. పది రోజుల ప్రదర్శన. అది తిరగలేదు.

'రాలుడు' ఫొటో మాత్రం హైదరాబాదు ప్రదర్శన పుస్తకంలో నేను రాయించిన నాలుగు వాక్యాలతో సహా ఉండిపోయింది. దాన్ని మెచ్చుకుంటూ ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఈ మధ్యనే నిజం చెప్పడం మొదలుపెట్టాను. కొందరు నమ్మరు, వినయం అనుకుంటారు. నా చేతులు పట్టుకున్న పెద్దాయనకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. మా నాన్నకు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, లేచి తోటలోకి వెళ్ళాడు.

ఆ అమ్మాయి పేరు అడగలేదు. ఊరు అడగలేదు. నేత ఇంటి పిల్ల, ఆ సాయంత్రం ఆకుపచ్చ చున్నీ వేసుకుంది. అంతకు మించి ఏమీ తెలియదు. అమ్మా, ఇది నీ కంటపడితే: నువ్వు అడిగింది నిజం. అది పురి విప్పుకుంది. నేను అబద్ధం చెప్పాను.