తాతల జాడ కావాలంటే తాతల పేర్లు అడగొద్దు

వంశం వెతకబోయేవాళ్ళకి అందరూ చెప్పేది ఒకటే: ఇంటిపేరు, గోత్రం, ముత్తాత పేరు రాసుకుని బయల్దేరమని. మీది గోదావరి డెల్టాలో సాగు మొదలుపెట్టిన కుటుంబమైతే ఆ కాగితం ఇంట్లోనే వదిలేయమంటాను. ముందు ధవళేశ్వరం వచ్చి బ్యారేజీ మీద నిలబడండి.

మీ ఊరికి నీళ్ళు ఎటు నుంచి వెళ్తున్నాయో చూసుకోండి. ధవళేశ్వరం వైపు నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి కోనసీమకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది గానీ, కాలవలు అన్ని ఊళ్ళకీ ఒక్కసారే చేరలేదు. మీ ఊరి కాలవ ఎప్పుడు తవ్వారో పట్టుకోండి. మీవాళ్ళు అంతకు ముందే అక్కడున్నారా, నీళ్ళొచ్చాక వచ్చారా అన్నదే మొదటి ప్రశ్న. పేర్ల సంగతి ఆ తర్వాత.

ఇంట్లో పెద్దవాళ్ళనీ పేర్లు అడగొద్దు, చేలు అడగండి. "మీ మామగారి తండ్రి పేరేంటి మామ్మగారూ" అంటే ఆవిడ తడుముకుంటారు. "కాలవ అవతలి చేను మనకెలా వచ్చిందండీ" అనండి. ఎవరి దగ్గర కొన్నదీ, ఎవరికి తాకట్టు పడ్డదీ, ఏ ఆడపడుచుకి పసుపు కుంకుమ కింద రాసిచ్చిందీ వరసగా వచ్చేస్తాయి. ఆ ఆడపడుచు మెట్టినింటికి తప్పకుండా వెళ్ళండి. మనింట్లో చెదలు తినేసిన కాగితం వాళ్ళ పెట్టెలో భద్రంగా ఉండొచ్చు.

రిజిస్ట్రారాఫీసులో సొంత దస్తావేజుల కంటే ముందు పక్క చేనువాళ్ళవి తీయించండి. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ వల్ల మన రికార్డులో సుబ్బన్నలు ముగ్గురుంటారు, ఎవరు ఎవరో తేలదు. పక్కవాళ్ళ దస్తావేజులో హద్దుల దగ్గర ఆగండి. తూర్పు పంట బోదె, దక్షిణం వెంకన్న కొడుకు సుబ్బన్న చేను, పడమర పుంత, ఉత్తరం అమ్మినవారి మిగతా భూమి. తండ్రి పేరుతో సహా మీ సుబ్బన్న అక్కడ దొరుకుతాడు. పదేళ్ళ తర్వాతి దస్తావేజులో అదే హద్దు దగ్గర "సుబ్బన్న కొడుకులు" అని ఉంటే, ఈ మధ్యలోనే ఆయన పోయాడనో, చేను పంచేశాడనో అనుకోవచ్చు.

కోర్టుకెక్కిన తగాదాని పరువు తక్కువ అనుకోకండి. భాగపరిష్కారం దావా పడితే వంశవృక్షం గీసి జతచేస్తారు. అన్నదమ్ములు సఖ్యంగా ఉన్న ఇంట్లో ఆ కాగితమే పుట్టదు. కాకపోతే అది ఒక పక్షం గీసిన చెట్టు, ఎదుటి పక్షం జవాబు కూడా చదవాలి.

ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని వెతికితే కాలయాపన. 1859కి ముందు అది రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి జిల్లా, 1925లో తూర్పు పశ్చిమాలు, 2022లో మళ్ళీ ముక్కలు. పాత భూమి లెక్కల్లో ఉండేది ఫసలీ సంవత్సరం, దానికి 590 కలుపుకోండి. 1300 ఫసలీ అంటే 1890 జులైలో మొదలైన సంవత్సరం. 1984లో కరణాల్ని తీసేశాక లెక్కలు సర్కారు చేతికి వెళ్ళాయి. అయినా ముందు కరణంగారి వారసుల గుమ్మం ఎక్కండి. ఆఫీసులో నంబరు చెబుతారు, అక్కడైతే మనిషిని చెబుతారు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ డెల్టాని సాగులోకి తెచ్చిన చేతుల్లో చాలా చేతులకి పట్టా లేదు. కౌలుదారులూ పాలేర్లూ పట్టాల్లో కనబడరు. అడంగల్‌లో అనుభవదారు గడి చూడండి, ప్రోనోట్లు చూడండి. అక్కడా లేకపోతే ఆ కొమ్మ ఖాళీగా వదిలేయండి. ఏ జమీందారీ వంశాన్నో తెచ్చి అతికిస్తే, నిజంగా దున్నినవాడిని రెండోసారి చెరిపేసినట్టే.

ఊళ్ళో జాడ తెగిపోతే గోదావరి దాటి వెతకండి. 1931కి నిజాంసాగర్ పూర్తయ్యే రోజుల్లో మనవాళ్ళు బోధన్, వర్ని వైపు వెళ్ళారు. 1950ల్లో తుంగభద్ర నీళ్ళకి గంగావతి, సింధనూరు వైపు వెళ్ళి క్యాంపులు కట్టుకున్నారు. అలా వెళ్ళినవాళ్ళు ఇక్కడి చేను అమ్ముకునే వెళ్ళి ఉంటారు, ఆ అమ్మకం దస్తావేజు ఇక్కడే దొరకాలి. బోధన్ వైపు కొన్నదానికి 1954-55 కాస్రా పహాణీ అడగండి. అంతకు ముందువి ఉర్దూలో ఉంటాయి, చదవగలిగిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళండి.