రెండు గోడల అవతల నుంచి ఒక విన్నపం

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,
భారత టెలికాం నియంత్రణ సంస్థ, న్యూఢిల్లీ.

విషయం: హైదరాబాద్, టోలిచౌకి, మూడో అంతస్తు ఫ్లాటు – వెనక పడగ్గదికి వై-ఫై అందనందున, రౌటర్ పెట్టెల మీద పనికొచ్చే మాట రాయించవలసిందిగా ప్రార్థన.

సూచిక: (1) తమరి 2024 అక్టోబరు 25 నాటి భవనాల డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ నిబంధనలు. (2) మా అత్తగారి రోజువారీ మౌఖిక ఫిర్యాదు.

అయ్యా,

నమస్కరించి రాయునది ఏమనగా, తమరు 2024లో ఒక మంచి పని తలపెట్టారు. లోపల ఫోనూ ఇంటర్నెట్టూ ఎంత బాగా అందుతాయో చూసి భవనాలకు స్టార్లు ఇప్పిస్తామన్నారు. 2006 నుంచి, కరెంటు పొదుపు చూసే బీఈఈ వారు ఫ్రిజ్‌లకూ ఏసీలకూ ఇప్పిస్తూనే ఉన్నారు, మేమూ లెక్కపెట్టుకుని కొంటున్నాం. అయితే తమరి పథకం ఐచ్ఛికం. బిల్డింగు వాళ్లే దరఖాస్తు పెట్టుకోవాలి. మా బిల్డింగు కట్టినాయన పార్కింగు స్థలం మీద అడిగిన ప్రశ్నలకే ఇంకా జవాబు చెప్పలేదు. కాబట్టి స్టార్ల మీద ఆశ వదులుకుని, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు రౌటర్ కొనడానికి వెళ్లాం.

అక్కడ మొదలైంది లెక్కల పరీక్ష. ఒక పెట్టె మీద ఏసీ1200. ఇంకోదాని మీద ఏఎక్స్1500. పక్కన ఏఎక్స్3000. ఏసీ1200 అంటే సెకనుకు 1200 మెగాబిట్లు వస్తాయా అని అడిగితే కొట్టతను దయగా నవ్వాడు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867. కూడితే 1167. దాన్ని గుండ్రంగా చేస్తే 1200. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క ముప్పావు మీటరు, రెండూ కలిపి ఆరుంపావు అని చెప్పినా మేం ఊరుకుంటాం. రెండూ ఒకేసారి ఒంటి మీదికి వస్తాయి గనక. ఫోను అలా కాదు కదండీ. ఈ రౌటర్‌తో అది ఒకసారికి ఒక్క బ్యాండునే పట్టుకుంటుంది. పట్టుకున్నా ఆ 867 కాగితం మీది అంకె. ఎదురుగా కూర్చుంటే అందులో సగానికి కాస్త అటో ఇటో వస్తుంది.

పోనీ, దీన్ని వ్యాపారుల అతిశయోక్తి అనుకుందాం. అసలు సంగతి పెట్టె వెనక, చిన్న అక్షరాల్లో ఉంది. టీపీ-లింక్ కంపెనీ ఆర్చర్ సి50, ఆర్చర్ సి6 అని రెండు రౌటర్లు అమ్ముతుంది. రెండూ ఏసీ1200లే. కానీ సి50 వెనకున్న పోర్టులు 100 మెగాబిట్లవి, సి6వి గిగాబిట్‌వి. ఇంట్లో 200 మెగాబిట్ల ప్లాను పెట్టుకుని మొదటిది కొన్నవారికి ఎంత తిప్పలుపడ్డా 95 దాటదు. మిగతా సగానికీ ప్రతి నెలా డబ్బు కడుతూనే ఉంటారు, దాని మీద 18 శాతం జీఎస్టీతో సహా. 100 మెగాబిట్ల ప్లాను ఉన్నవారికి మాత్రం సి50లో ఏ లోపమూ లేదు. ఈ ఒక్క ముక్క పెట్టె ముందువైపు పెద్దక్షరాల్లో ఉంటే ఎంతమంది డబ్బు మిగులుతుందో ఆలోచించండి. దాని బదులు యాంటెన్నాలు మాత్రం అందరికీ కనిపించేలా ఉంటాయి. నాలుగు కొమ్ములున్నది రెండు కొమ్ములదానికంటే రెట్టింపు దూరం పోతుందని మావారి నమ్మకం. సిగ్నలు ఎంత బలంగా ఉండొచ్చో ప్రభుత్వ నిబంధనే గీత గీసిందని, కొమ్ములు పెంచినా ఆ గీత జరగదని చెప్పినా వినరు.

ఇక గోడల సంగతి. టోలిచౌకి ఎక్కడుందో తమకు తెలియకపోవచ్చు. మెహదీపట్నం నుంచి షేక్‌పేట వైపు వస్తుంటే, గోల్కొండ కోటకు పక్కనే. ఆ కోట సింహద్వారం దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండమీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. గైడ్లు ఆ మాట నోటితో చెప్పి ఊరుకోరు. ఒకరిని కింద నిలబెట్టి, మిగతావారిని పైకెక్కించి, వినిపించి చూపిస్తారు. రౌటర్ అమ్మేవాళ్లు ఆ చివర నిలబడి పరీక్షించిన అంకె ఒక్కటీ ఇవ్వరు. ఇచ్చేదంతా ద్వారం దగ్గరి అంకే.

మా ఇంటి ద్వారం దగ్గర నిజంగానే బ్రహ్మాండంగా వస్తుంది. ఎందుకంటే కనెక్షన్ ఇచ్చినతను తలుపు ఫ్రేము పక్కన కన్నం వేసి, చెప్పుల స్టాండు పైన రౌటర్ బిగించి వెళ్లాడు. అక్కడి నుంచి వెనక గదికి మధ్యలో ఒక వంటిల్లు, రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. 5 గిగాహెర్ట్జ్ తరంగం వంటింట్లోనే ఆగిపోతుంది. 2.4ది గోడ దాటుతుంది గానీ, అందులో ఒకదానికొకటి అడ్డుపడని చానెళ్లు మూడే: 1, 6, 11. 2005లో ఆ బ్యాండును లైసెన్సు లేకుండా వదిలారు, సంతోషం. ఇప్పుడు చుట్టుపక్కల ఫ్లాట్లన్నీ ఆ మూడింట్లోనే సర్దుకుంటున్నాయి. మైక్రోవేవ్ ఓవెను కూడా ఆ బ్యాండులోనే పనిచేస్తుంది. పప్పు వేడిచేసినప్పుడల్లా సీరియల్ ఆగుతుందని మా అత్తగారు కనిపెట్టారు. ఆమె సైన్సు చదవలేదు, కానీ పరిశీలన సరైనదే.

ఇందులో ఇంకో విచిత్రం. మా వై-ఫై అందరికంటే బాగా అందేది కింది అంతస్తు ఖాలాజాన్‌కు. వాళ్లబ్బాయి జెద్దాలో ఉంటాడు. వాళ్ల నెట్టు మొరాయిస్తే ఆమె ఫోను పట్టుకుని మా గుమ్మం బయట మెట్ల మీద కూర్చుంటారు. "నెట్ నై ఆరా బేటీ" అంటే నేనే పాస్‌వర్డ్ ఇచ్చాను. మనవడి ముఖం అక్కడ అద్దంలా కనిపిస్తుంది. డబ్బు కట్టే మా అత్తగారికి లోపల చక్రం తిరుగుతుంటుంది.

ఆ చక్రం తిరిగే గదిలో తమరి మైస్పీడ్ యాప్‌తోనే కొలిచాం. రెండు మెగాబిట్లకు కాస్త పైన చూపించింది. 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచారు కదా, ఆ లెక్కన మా వెనక గదిలో ఉన్నది చట్టబద్ధమైన బ్రాడ్‌బ్యాండే. ఆ మాట అత్తగారికి చెప్పే బాధ్యత తమరు తీసుకుంటే మాకు అభ్యంతరం లేదు.

రౌటర్ మీద వచ్చే ఫిర్యాదులన్నీ రౌటర్‌వి కావని కూడా ఒప్పుకోవాలి. ఫైబరు వచ్చి చేరే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని ఒక దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే తెగింది లైను. అప్పుడు ఎంత ఖరీదైన రౌటర్ కొన్నా దండగే. 2025 ఆగస్టులో ఊరంతా ఆ ఎర్ర దీపమే చూసింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ వారు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించుకుంటూ పోయారు. మనుషుల ప్రాణాల ముందు సీరియల్ ఎంత, ఎవరూ కాదనరు. కానీ ఆ తీగలు అన్నేళ్లు అలా వేలాడుతుంటే ఎవరి శాఖ చూడాలో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

మా పై అంతస్తులో ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంటు ఎడిటర్‌గా పనిచేసే కుర్రాడున్నాడు. రాత్రంతా ఫుటేజీ పంపుతుంటాడు. అతని నోట వై-ఫై మీద ఒక్క ఫిర్యాదూ వినలేదు. ఏ రౌటర్ వాడుతున్నావు నాయనా అని అడిగితే, "రౌటర్ మామూలుదే ఆంటీ, ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టుకున్నా" అన్నాడు. అదీ రహస్యం. వైర్‌లెస్ బాగుండాలంటే సగం దూరం వైరే లాగాలి. హాల్లోంచి వెనక గదికి క్యాట్-6 వైరు, గోడ వారగా క్యాసింగ్ పట్టీ, ఆ చివర పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింటుగా మార్చి పెడితే సరి. గోడకు గుచ్చే ఎక్స్‌టెండర్లు చవకే, కానీ విన్నదాన్నే అదే బ్యాండు మీద తిరిగి చెప్పే రకానివి వేగాన్ని ఇంచుమించు సగం తినేస్తాయి. ఈ సంగతి ఏ పెట్టె మీదా ఉండదు. పెట్టె కంపెనీవాళ్లు వైరు అమ్మరు కదా.

వై-ఫై 7 కొనండి, గోడలు లెక్కచేయదు అని కొట్టతను మావారిని ఊరించాడు. దాని గొప్పలో పెద్ద భాగం 6 గిగాహెర్ట్జ్ బ్యాండుది. మన దేశంలో ఆ బ్యాండు కింది భాగాన్ని వదిలే నియమాల ముసాయిదా 2025 మేలో వచ్చింది. అది చేతికందినా, ఆ తరంగాలకు గోడలంటే 5 గిగాహెర్ట్జ్ కంటే భయం ఎక్కువ. వై-ఫై 6 సంగతి వేరు. ఇంట్లో ఫోన్లూ టీవీలూ కెమెరాలూ ఎక్కువైతే అన్నిటికీ సర్దిపెట్టడంలో అది నిజంగా మెరుగు. గోడ విషయంలో మాత్రం అదీ పాతదే.

కనుక ప్రార్థన ఏమనగా, రౌటర్ పెట్టె ముందువైపు ఒక చీటీ అంటించేలా చూడండి. పోర్టులు వందవా, గిగాబిట్‌వా. రెండు ఇటుక గోడల అవతల, ఒకే పద్ధతిలో కొలిస్తే, ఒక్కో బ్యాండు మీద ఎంత వచ్చింది. భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారు. ఈ చివరిది గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, నెట్‌కు తగిలించే పరికరం అమ్మేవాళ్లు అది కనీసం ఎప్పటిదాకా అప్‌డేట్లు పొందుతుందో ముందే చెప్పి తీరాలి. అన్ని పెట్టెలకూ ఒకటే తేలికైన పాస్‌వర్డ్ పెట్టి అమ్మడమూ అక్కడ కుదరదు. ఇక్కడ కంపెనీ మరచిపోయిన రౌటర్లు అడాప్టరు కాలిపోయేదాకా చెప్పుల స్టాండ్ల మీద వెలుగుతూనే ఉంటాయి.

పరికరాల పరీక్ష మాది కాదు, టెలికాం శాఖది, దాని ఇంజనీరింగ్ సెంటర్‌ది అని తమ కార్యాలయం జవాబు రాస్తుందని తెలుసు. అలాగైతే ఈ లేఖను వారికి పంపేయండి. వారు లేబుళ్లు మావి కాదు, బీఈఈవి అంటారు. బీఈఈ వారు కరెంటు తక్కువ తినేవాటితో మాకేం పని అంటారు. అయినా పంపండి, ఫైలు నడుస్తూ ఉంటుంది.

ఇట్లు,
తమ విధేయురాలు,
టోలిచౌకి.

ప్రతులు:
1. మా అత్తగారికి – చదివి వినిపించడమైనది. రెండు మెగాబిట్ల పేరా వదిలేయడమైనది.
2. ఖాలాజాన్‌కు – పాస్‌వర్డ్ మారలేదు.
3. కాలనీ కేబుల్ అబ్బాయికి – ఆదివారం వచ్చేటప్పుడు ఇరవై మీటర్ల క్యాట్-6 వైరు, క్యాసింగ్ పట్టీ, డ్రిల్లు తేవలెను. లిఫ్టు పనిచేయుట లేదు.