గంగమ్మ ముంగిట్లో వూడూ పాఠం

రెండు సినిమాలు చూసి ఓ దేశం గురించి అంతా తెలిసిపోయిందనుకునే జబ్బు మీకూ కాస్తో కూస్తో ఉండే ఉంటుంది. నాకు బాగా ముదిరింది. చేతబడి నవల ‘తులసిదళం’ చదివి రాత్రిళ్ళు దీపం ఆర్పడానికి వణికిపోయిన తరం మాది. వూడూ అనగానే గుడ్డబొమ్మ, గుండుసూదులు, లేచి నడిచే శవాలు నా కళ్ళముందు వరసగా నిలబడేవి. అదొక మతమనీ, దానికీ భక్తులూ పండుగలూ ఉంటాయనీ ఊహకైనా తట్టలేదు. అయినా ఎవరు దొరికితే వాళ్ళకు దాని గురించి చెప్పేవాణ్ణి. తెలియని సంగతి చెప్పేటప్పుడు గొంతుకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

అలా మైపాడులో చెప్పాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పాళెంలో స్నేహితుడి ఇంటి ముందు సాయంత్రం పదిమంది చేరారు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళూ, పిల్లలూ, ఓ పక్కన స్నేహితుడి తల్లి. మేమంతా అవ్వా అంటాం. వినేవాళ్ళు దొరికారు, ఇంకేం కావాలి? సముద్రం ఒడ్డున హైతీ అనే దేశంలో వూడూ ఉందన్నాను, బొమ్మ అన్నాను, సూది అన్నాను, శత్రువు వెంట్రుక తెచ్చి చుడతారన్నాను, కోడి మెడ కోస్తారన్నాను, డప్పు కొడితే దయ్యం ఒంట్లో దూరుతుందన్నాను, దూరితే మనిషి ఇట్టా ఊగిపోతాడని లేచి నిలబడి జుట్టు చెదిరేలా ఊగి చూపించాను. పిల్లలెవరూ నవ్వలేదు. అందరూ అవ్వ వైపు చూశారు. జాతరలో గంగమ్మ పూనేది ఆమె మీదనే. ఆ సంగతి నాకూ తెలుసు. మాటల వేగంలో గుర్తు రాలేదు.

అవ్వ కోప్పడలేదు. “అబ్బయా, కోడిని మేమూ కోస్తాం. అమ్మ నా మీదికీ వస్తాది. మాది గూడా దయ్యమేనా?” అంది. నేను నోరు తెరిచేలోపే ఇంకోటి అడిగింది. “ఆళ్ళూ సముద్రం కాడోళ్ళే అంటుండావు గదా, వేటకి పొయ్యేముందు ఎవురికి మొక్కుతారు?”

నా దగ్గర జవాబు లేదు. ఓ మతం గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అది. ఆ మనుషులు దేనికి భయపడతారు, ఎవరిని తలుచుకుంటారు, ఇంటికి చేరాక ఎవరికి దణ్ణం పెడతారు? నేనేమో బొమ్మ దగ్గర మొదలుపెట్టి బొమ్మ దగ్గరే ఆగిపోయాను.

ఆ ప్రశ్న పట్టుకునే చదవడం మొదలుపెట్టాను. హైతీలో సముద్రానికి అధిపతి అగ్వే. శంఖం ఊది పిలుస్తారు. ఆయనకిష్టమైన పదార్థాలన్నీ చిన్న పడవలో సర్ది, సముద్రంలోకి తీసుకెళ్ళి వదిలేస్తారు. సృష్టికర్త బోన్‌ద్యే ఒక్కడే, కానీ దూరంగా ఉంటాడు. కష్టసుఖాలు చెప్పుకునేది ల్వాలు అనే శక్తులతో. ఏ పూజలోనైనా ముందు లెగ్బాను వేడుకోవాలి, ఆయన తలుపు తీస్తేనే మిగతా ల్వాలు వస్తారు. పూనిన మనిషిని ల్వా ఎక్కిన గుర్రం అంటారు. పక్కనున్నవాళ్ళు పడిపోకుండా పట్టుకుంటారు, ల్వా వెళ్ళిపోయాక ఆ మనిషికి జరిగిందేదీ గుర్తుండదు. ఈ మతానికి పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. బెనిన్‌లో వొదున్ పండుగకు జనవరిలో దేశమంతా సెలవు. నన్ను కుర్చీలోంచి లేపిన సంగతి ఇంకొకటి. అక్కడి తీరంలో మామీ వాటా అనే నీటిదేవతను కొలుస్తారు. ఆమె పటం హాంబుర్గ్‌లో అచ్చయిన పాములదాని బొమ్మ నుంచి వచ్చింది, దాన్నే 1955లో మన బొంబాయిలో మళ్ళీ అచ్చువేశారు. మన క్యాలెండర్లలోని దేవుళ్ళు కూడా ఆ పూజామందిరాల్లో చేరారు.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. అంతా ఒకటే, అగ్వే మన గంగమ్మే అనుకుంటూ మళ్ళీ పాళేనికి పరిగెత్తాను. ఇది నా రెండో తెలివితక్కువతనం, మొదటిదానికంటే మర్యాదగా కనిపిస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. అవ్వకు కథంతా చెప్పాను. ఆఫ్రికా నుంచి మనుషుల్ని గొలుసులేసి ఓడల్లో తరలించడం, చెరకు తోటల్లో చచ్చేదాకా పని చేయించడం, దొరల చర్చి కళ్ళు కప్పి సెయింట్ల పటాల వెనక తమ ల్వాలను దాచుకోవడం, 1791 ఆగస్టులో బ్వా కైమాన్‌లో పూజ చేసి తిరుగుబాటు లేవదీశారని హైతీవాళ్ళు చెప్పుకోవడం, 1804లో స్వాతంత్ర్యం. చివర్న మన గంగమ్మలాగే అన్నాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. “మా అమ్మకి అన్ని కష్టాలు యాడొచ్చినాయబ్బయా? ఆయమ్మ వేరే” అంది.

అవును, వేరే. ఆ స్వాతంత్ర్యం తర్వాతా ఆ మతానికి నెమ్మది లేదు. 1915లో అమెరికా సైన్యం హైతీలో దిగి 1934 దాకా ఉంది. నేను నమ్మిన నడిచే శవాల కథలు బయటి ప్రపంచానికి పాకింది ఆ కాలంలోనే, సీబ్రూక్ అనే రచయిత పుస్తకం 1929లో, ‘వైట్ జాంబీ’ సినిమా 1932లో. 1940ల మొదట్లో చర్చి అక్కడ డోళ్ళనూ పూజాసామగ్రినీ కుప్పపోసి తగలబెట్టించింది. హైతీ ప్రభుత్వం వూడూను మతంగా గుర్తించింది 2003లో. అమెరికా సైన్యం హైతీలో దిగిన ఆ 1915లోనే ఎల్మోర్ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ మన పోలేరమ్మ, అంకమ్మల గురించి రాసిన పుస్తకం అచ్చయింది. మతం మార్చడానికి వచ్చినవాడి కళ్ళతో మన అమ్మవార్లను చూస్తే మనకెలా ఉంటుందో, నా మాటలు విన్న హైతీవాడికి అంతకు పదింతలు ఉండి ఉండాలి.

మీకూ ఈ మతం గురించి తెలుసుకోవాలని ఉంటే కారెన్ మెకార్తీ బ్రౌన్ రాసిన ‘మామా లోలా’తో మొదలుపెట్టండి. 1991లో వచ్చింది. బ్రూక్లిన్‌లో ఒక పూజారిణి ఇల్లు, ఆమె దగ్గరికి జబ్బుతో, ఉద్యోగం పోయి, మొగుడు వదిలేసి వచ్చే జనం, ఆమె వాళ్ళకోసం పడే తిప్పలు అందులో కనిపిస్తాయి. ఆ తర్వాత మెత్రో, మాయా డెరెన్ అనే రచయితలు వూడూ మీద రాసిన పుస్తకాలు చదవండి. దీక్ష సంగతి పుస్తకాల్లో తేలదు. అది ఉంగన్ గానీ మాంబో గానీ, అంటే అక్కడి పూజారులు, మనిషిని ఎరిగాక ఇచ్చేది, డబ్బు పంపితే తపాలాలో వచ్చేది కాదు. నేను ఆ దారిన పోవడం లేదు. నాకు తెలుసుకోవడం చాలు. పూనకం దిగాక ఆ మనిషికి నీళ్ళెవరిస్తారని అవ్వ మొన్న అడిగింది, దానికోసం ‘మామా లోలా’ మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను.