‘ఒకసారి పైపైన చూడండి’: టీకా తాత్పర్య సహితము

మూలము

“మాస్టారూ, పుస్తకం అయిపోయింది. ఒకసారి పైపైన చూస్తే చాలు. తొందరేమీ లేదు, ఎల్లుండి ప్రెస్సుకిస్తున్నాం.”

అవతారిక

ఇది ఒకానొక కథకుడు తన పరిష్కర్తకు పంపిన వాట్సాప్ వచనము. కాలము డిసెంబరు. హైదరాబాదు పుస్తక ప్రదర్శన ఆ నెలలోనే ఉంటుంది, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. తెలుగు రచయితలు చాలామంది సొంత డబ్బుతోనే పుస్తకం వేసుకుంటారు. కాగితం, అట్ట, బైండింగు అన్నీ అయ్యాక మిగిలేది ఉచితంగా దొరికే మనిషి.

టీక

మాస్టారూ = ఓ జీతములేని పరిష్కర్తా; పుస్తకం = డెమ్మీ సైజులో 128 పుటల కథాసంపుటి, ఫారమునకు 16 చొప్పున 8 ఫారములు; అయిపోయింది = నా వంతు అయిపోయినది; ఒకసారి = మూడు ప్రూఫులు (మూడవదాని పిమ్మట రచయితకు కొత్త పేరా తోచును గాన నాలుగని కొందఱు); పైపైన = అక్షరమక్షరము; చాలు = చాలదు; తొందరేమీ లేదు = మీకు నిద్ర యేమీ లేదు; ఎల్లుండి = రేపు సాయంత్రము; ప్రెస్సుకు = అడ్వాన్సు పుచ్చుకున్న వానికి; ఇస్తున్నాం = బహువచనముచేత, తప్పులు దొరలినచో మీరును బాధ్యులని ధ్వని.

తాత్పర్యము

స్పష్టము.

విశేషములు

‘పైపైన’ దగ్గర కాస్త ఆగాలి. పుటలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ చివరి పెద్ద కూర్పు 2001లో వచ్చింది. మన డీటీపీ సెంటర్లు దాన్ని ఇంకా వదల్లేదు. ‘అను’ ఫాంట్లలో కొట్టిన వచనాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని వత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరం కిందికి చేరతాయి. ఆపైన ‘పథకం’ ‘పధకం’ అయి ఉంటుంది. మూడో పేజీలో మేనత్త తొమ్మిదో పేజీకి పిన్ని అవుతుంది. ఆ పిన్నిని తిరిగి మేనత్తను చేయబోతే పంక్తి పెరుగుతుంది, పుట జరుగుతుంది, విషయసూచికలో అంకెలన్నీ తప్పవుతాయి. పైపైన చూడటమంటే ఇదీ.

మల్లినాథసూరి ఈ విషయంలో అదృష్టవంతుడు. మెదకు సీమ కొల్చారం పండితుడాయన. రఘువంశానికి సంజీవని వ్యాఖ్య రాసేనాటికి కాళిదాసు పోయి ఎన్నో శతాబ్దాలైంది. రాత్రి పదకొండింటికి ఫోను చేసి “నా ఉపమాలంకారం ఎందుకు కొట్టేశారు?” అని ఎవరూ అడగలేదు.

ఆక్షేపము: అట్లయిన రచయిత కృతఘ్నుడా?

సమాధానము: తొందరపడి అనకూడదు. డీటీపీకి పేజీకింతని లెక్క ఉంది. అట్ట బొమ్మకు, హాలుకు, శాలువాలకు, టిఫిన్లకు బిల్లులున్నాయి. బిల్లున్నవాళ్లే లెక్కల పుస్తకంలో కనిపిస్తారు, కృతజ్ఞతల పేజీని ఆ లెక్కల పుస్తకం చూసే రాస్తారు. ఆ పేజీ ప్రూఫు కూడా మాస్టారి దగ్గరికే వస్తుంది. ‘కృతజ్ఙతలు’ అని ఉంటే ఙ కొట్టేసి ఞ పెడతాడు. కిందనున్న పద్నాలుగు పేర్లలో తన పేరు లేదని గమనిస్తాడు. అది అచ్చుతప్పుల కిందికి రాదు గనుక దిద్దడు.

ఆయన పేరు వేదిక మీద ఒక్కసారే వినబడుతుంది. ఆవిష్కరణ సభలో వక్త ఎవరో 47వ పుటలో ఒక తప్పు చూపిస్తే, రచయిత వెంటనే మైకు అందుకుంటాడు: “ప్రూఫులు మాస్టారు చూశారండి!”

పరిష్కర్తకు జీతమిచ్చిన కాలమూ ఒకటుంది. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను జీతాలకు పెట్టుకుని తాళపత్ర ప్రతులు సరిచూపించాడు. అక్కడ పరిష్కారమంటే జీతమున్న ఉద్యోగం. ఎవరూ పైపైన చూడమన్నట్టు దాఖలా లేదు.

ప్రయోగము

ఫైలు తెరవకముందే ఒక సందేశం పంపడం మంచిది: రెండు ప్రూఫులే చూస్తాను, ఫలానా తేదీకి ఇస్తాను, ఆ తర్వాత కొత్త పేరాలు చేర్చవద్దు, మార్పులన్నీ ట్రాక్ ఛేంజెస్‌లో కనబడతాయి, చివరి ప్రూఫు మీద రచయిత సంతకం ఉండాలి. ఫారానికి ఇంతని నామమాత్రపు రుసుము పెట్టేవాళ్లూ ఉన్నారు. నాకైతే అదే నచ్చింది. పదిరూపాయలైనా లెక్కలోకెక్కుతుంది.

పాఠాంతరములు

ఈ గ్రంథమునకు మూడు ప్రతులు లభించుచున్నవి: ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’. పరిష్కర్త మొదటి రెంటిని దిద్దెను. ప్రెస్సుకు పోయినది మూడవది.