జౌగడ రాయికి సీడీ కీ లేదు

మా మేనమామ బరంపురం కోర్టులో ఒక వకీలు దగ్గర గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. చట్టాలన్నీ తెలుసని కాదు గానీ, తెలిసిన నాలుగు సెక్షన్లనూ సందర్భం ఉన్నా లేకపోయినా బయటికి తీస్తాడు. వాటిలో ఆయనకు ప్రాణప్రదమైనది కాపీరైటు చట్టం, 1957, సెక్షను 52, ఒకటో ఉపవిభాగం, డబుల్ ఎ. గుళ్ళో గోత్రం చెప్పినంత ధాటిగా చెబుతాడు.

న్యాయంగా చేతికొచ్చిన కంప్యూటరు ప్రోగ్రాము పోవచ్చు, నాశనం కావచ్చు, పాడవ్వచ్చు. అందుకని తాత్కాలిక రక్షణగా దానికో బ్యాకప్ కాపీ తీసి పెట్టుకుంటే తప్పు లేదు. డబుల్ ఎ సారాంశం ఇదీ. చట్టం రాసినవాళ్ళు ఒడిశాలో మా పురుషోత్తంపూర్ వచ్చి ఉండరు గానీ, ఆ మూడు మాటలూ మా ఇల్లు చూసి రాసినట్టే ఉంటాయి. పోవడం మా తమ్ముడి శాఖ. వాడు అరువిచ్చిన ఆటల సీడీ తిరిగొచ్చిన పాపాన పోలేదు. ఎప్పుడైనా వచ్చినా డబ్బా మనది, లోపలి సీడీ ఎవరిదో. పాడవడం అమ్మ శాఖ. సీడీ మీద దుమ్ము కనబడితే ఆవిడ ఊరుకోదు, చీర చెంగుతో గుండ్రంగా తుడిచేస్తుంది. సీడీని మధ్య నుంచి అంచుకి తుడవాలే తప్ప గుండ్రంగా తుడవకూడదు. సమాచారం పరిచి ఉన్న దారి కూడా గుండ్రంగానే తిరుగుతుంది కాబట్టి ఆ దారి వెంట గీత పడితే వరసగా బోలెడు సమాచారం పోతుంది, అడ్డంగా పడితే కొంచెమే. ఇదంతా అమ్మకి చెబితే, "నాకు తుడవడం నేర్పుతున్నావేట్రా?" అంది.

ఇక నాశనం శాఖ చైత్రమాసంలో తెరుచుకునేది. చైత్ర మంగళవారాల్లో తారాతారిణి జాతర. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు నుంచి చుట్టాలు దిగుతారు. పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించాలి కదా. అమ్మవారి కొండకి 999 మెట్లు. ఎక్కి దిగిన పెద్దవాళ్ళు చాపలు పరుచుకుని కాళ్ళు పట్టించుకుంటూ ఉంటే, వాళ్ళ చంకల్లో ఎక్కి దిగిన పిల్లలు మంచి ఓపిక మీద ఉండేవారు. గుండుకి రాసిన గంధం ఇంకా ఆరని ఒక బుడతడు మా 'వైస్ సిటీ' డిస్కుని స్టీరింగులా పట్టుకుని, "బరంపురం, బరంపురం, రైట్ రైట్" అంటూ వరండా గచ్చు మీద దాన్ని ఈడ్చుకుంటూ బస్సు నడపడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళమ్మ మురిసిపోయింది. ఆ ఆటకి రెండు డిస్కులు, ఒకటి ఎక్కించుకోడానికి, రెండోది ఆడుకోడానికి. బస్సుకి రెండోదాన్నే ఎంచుకున్నాడు వాడు. పైగా బొమ్మ ఉన్న వైపు కిందికి పెట్టి ఈడ్చాడు. మెరిసే వైపు గీతలు పడితే కొంత ఆశ ఉంటుంది. సీడీలో అసలు పొర ఉండేది బొమ్మ వైపునే, పల్చటి పూత కింద. అక్కడ గోకితే ఇక కర్మకాండే.

డిస్కు ఇమేజి తీయడం మొదలైంది ఆ మర్నాడే.

ఇమేజి అంటే ఫైళ్ళు కాపీ కొట్టుకోవడం కాదు. డిస్కు మీద మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా ఏది ఎక్కడ ఉందో అక్కడే ఉన్నట్టుగా, మొత్తాన్నీ ఒకే పెద్ద ఫైలుగా దించుకోవడం. తర్వాత డీమన్ టూల్స్ లాంటి ప్రోగ్రాము ఒకటి కంప్యూటర్లో లేని డ్రైవును ఉన్నట్టు చూపించి, అందులో ఈ ఫైలును డిస్కులా పెడుతుంది. సీడీలో ఒక్కో సెక్టారు 2352 బైట్లు. ఆటకి పనికొచ్చే సరుకు అందులో 2048. మిగతా 304 చిరునామాలకీ, తప్పులు దిద్దుకునే లెక్కలకీ. ఐఎస్‌ఓ రకం ఇమేజి సరుకునే తీసుకుంటుంది, బిన్ రకం మొత్తాన్నీ ఊడ్చుకొస్తుంది. తేడా ఏమిటో 1996 నాటి 'క్వేక్' ఆడినవాళ్ళని అడగండి. ఆ డిస్కులో ఆట మొదటి ట్రాకులో ఉంటుంది, సంగీతం మాత్రం మామూలు పాటల సీడీలో లాగే విడివిడి ట్రాకుల్లో ఉంటుంది. ఐఎస్‌ఓ తీసిపెట్టుకున్నవాళ్ళకి రాక్షసులందరూ వచ్చారు గానీ సంగీతం రాలేదు. రాక్షసుణ్ణి నిశ్శబ్దంలో చంపడంలో ఏమీ మజా లేదు.

ఇమేజిని మళ్ళీ ఖాళీ సీడీ మీదికి రాయడం ఇంకో యజ్ఞం. రాసేటప్పుడు కంప్యూటరు సరుకు అందించడం క్షణం ఆలస్యమైతే ఆ సీడీ చచ్చినట్టే. దానికి మందుగా శాన్యో కంపెనీ 2000లో బర్న్ ప్రూఫ్ అని ఒకటి తెచ్చింది. చక్కగా పని చేసేది. కరెంటు పోవడానికి మాత్రం ఏ ప్రూఫూ లేదు. సగంలో ఆగిపోయిన సీడీలన్నీ మా పెరట్లో చిక్కుడు పందిరికి వేలాడేవి, పిట్టలు రాకుండా. పిట్టలు వచ్చేవి. అద్దం చూసుకుని మరీ పోయేవి.

వైస్ సిటీ డిస్కు విషయానికొస్తే, అందరూ వైద్యులే. ఒకడు టూత్‌పేస్టు అన్నాడు, ఇంకొకడు అరటిపండు తొక్క అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "చింతపండు పెట్టి తోమి చూడండ్రా, ఇత్తడి బిందె తళతళ్ళాడిపోదూ" అంది.

"అక్కా! జౌగడలో అదే పని చేశారు" అన్నాడు మావయ్య.

జౌగడ మాకు పక్కనే, ఋషికుల్య ఒడ్డున. అశోకుడి శాసనాలు చెక్కిన రాయి ఉంది. ఇప్పుడు దాని మీద కప్పు, చుట్టూ ఊచలు. మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా తారాతారిణి అయ్యాక మావయ్య జౌగడ తీసికెళ్ళి చూపించాల్సిందే. రాతి మీద అక్షరాలు కొంతమేర పెచ్చులూడిపోయి ఉంటాయి. దాని గురించి పాతకాలం నుంచీ ఒక కథ ఉంది. ఎవరో దొర వచ్చాడట. అక్షరాలు స్పష్టంగా కనబడాలని వేడివేడి చింతపండు నీళ్ళు రాయి మీద పోయించి, పొడుగాటి వెదుళ్ళతో కొట్టించాడట. పెచ్చులు లేచిపోయాయట. నిజమో కాదో దొరకే తెలియాలి. నకలు తీసేవాడి ఉత్సాహం అసలుకి ఎసరు పెట్టడం మాత్రం నేను మా ఇంట్లోనే చూశాను గనక, ఆ కథని నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు.

మావయ్య సిద్ధాంతం ఏమిటంటే, బ్యాకప్ విద్యలో అశోకుణ్ణి మించినవాడు పుట్టలేదు. ఒకే పాఠాన్ని గుజరాతులో గిర్నార్ దగ్గర, డెహ్రాడూన్ వైపు కాల్సీలో, భువనేశ్వర్ పక్క ధౌళిలో, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, ఇక్కడ జౌగడలో చెక్కించాడు. వాయవ్యాన షాబాజ్‌గఢీ, మాన్‌సేహ్రాల్లో కుడి నుంచి ఎడమకి రాసే ఖరోష్ఠీ లిపిలో. కాందహార్‌లో గ్రీకులోనూ పెట్టించాడు. ఆడేవాడి మిషన్‌ని బట్టి ఫార్మాటు అన్నమాట. ఎర్రగుడి చిన్న శాసనంలో చెక్కినవాడు కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ లాగించాడు. సెలవు రోజున పని చెప్పి ఉంటారు.

ఇంకో తమాషా. పెద్ద శాసనాలు మొత్తం పద్నాలుగు. కళింగ యుద్ధంలో జరిగిన చావులకి అశోకుడు పశ్చాత్తాపపడింది పదమూడో దాంట్లో. అది గిర్నార్లో ఉంది, ఎర్రగుడిలో ఉంది. యుద్ధం జరిగిన కళింగంలో మాత్రం, అటు ధౌళిలోనూ ఇటు జౌగడలోనూ, లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు తీసేసి, ఈ ప్రాంతపు అధికారులకి ప్రత్యేకంగా మరో రెండు చేర్చారు. ఆటల కంపెనీలు చేసేదీ ఇదే. 1998లో 'హాఫ్ లైఫ్' జర్మనీకి వెళ్ళినప్పుడు అందులోని సైనికులు మరమనుషులైపోయారు, నెత్తురు చూపించకూడదని. ప్రాంతీయ ప్రతి అనే సౌకర్యాన్ని మా జిల్లాలో క్రీస్తు పూర్వమే అమలు చేశారు.

పద్నాలుగోది మాత్రం జౌగడలో ఉంది. అది చదివితే నవ్వొస్తుంది. కొన్నిచోట్ల క్లుప్తంగా, కొన్నిచోట్ల విస్తరించి రాయించామనీ, అన్నీ అన్నిచోట్లా సరిపడవనీ, ఎక్కడైనా అసంపూర్తిగా ఉంటే అది స్థలాన్ని బట్టో, రాసినవాడి తప్పు వల్లో అయి ఉండొచ్చనీ సారాంశం. అచ్చంగా ఆట డిస్కులో ఉండే రీడ్‌మీ ఫైలు. ఎవరూ చదవరని తెలిసే చివర పెట్టారు.

అశోకుడి డిస్కుకి తాళం లేదు. మావాటికి ఉంది. సేఫ్‌డిస్క్ అనీ సెక్యూరామ్ అనీ కాపలాదార్లు ఉండేవారు. సేఫ్‌డిస్క్ పద్ధతి వింతైనది. అసలు డిస్కు మీదే కావాలని చెడ్డ సెక్టార్లు పెట్టేవారు. మామూలుగా కాపీ తీస్తే ఆ చెడ్డవి రావు, శుభ్రమైన డిస్కు తయారవుతుంది. ఆట దాన్ని చూసి, ఇంత శుభ్రంగా ఉందంటే దొంగదే అని తేల్చి, అసలు డిస్కు పెట్టమనేది. అలాంటి అసలు డిస్కొకటి అప్పటికే వరండాలో బస్సై పోయింది. క్లోన్ సీడీ, ఆల్కహాల్ 120 లాంటివి ఆ చెడ్డతనాన్ని కూడా జాగ్రత్తగా నకలు తీసేవి. డ్రైవు ఒక్కో చెడ్డ సెక్టారు దగ్గరా ఆగి, మూలిగి, మళ్ళీ ప్రయత్నించి, మళ్ళీ మూలిగేది. రాత్రి భోజనాలప్పుడు పెడితే తెల్లారి పాలవాడొచ్చేదాకా అదే మూలుగు. అమ్మ డ్రైవుకి దిష్టి తీసింది.

2012లో కాపీరైటు చట్టానికి 65ఎ చేరింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలు తప్పిస్తే రెండేళ్ళ దాకా జైలు. మావయ్య వారం రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగి, చివరికి 'ఉద్దేశంతో' అన్న మాట దగ్గర ఊపిరి పీల్చుకున్నాడు. మన ఉద్దేశం ఆడుకోవడమేనని ఆయన వాదన. కాపీలు తీసి బజార్లో అమ్మేవాళ్ళని మాత్రం ఆయన ఇప్పటికీ గడప తొక్కనివ్వడు. ఆ పట్టింపు నాకు నచ్చుతుంది. న్యాయంగా కొన్నవాడు డిస్కు కోసం అటక ఎక్కుతాడు, దొంగ కాపీ కొన్నవాడు తాళం పీకేసిన ఆటని హాయిగా ఆడుకుంటాడు. ఈ ఏర్పాటు ఎవరికి లాభమో నాకింతవరకూ అర్థం కాలేదు. కంపెనీలకీ అర్థమైనట్టు లేదు. 2008లో యుబిసాఫ్ట్ కంపెనీ తన 'రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2' కొనుక్కున్నవాళ్ళకి డిస్కు అడిగే ఇబ్బంది తీర్చడానికి ఒక ఫైలు పంపింది. విప్పి చూస్తే అది రీలోడెడ్ అనే దొంగల ముఠా తయారుచేసిన తాళంచెవే!

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా పెంకులు లేచిపోయాయి. అటక మీది డిస్కుల సంచిలో నీళ్ళు నిండాయి. సీడీలు కడిగి ఆరబెడితే చాలావరకు బాగానే ఉన్నాయి. వాటి అట్టలు మాత్రం ముద్దైపోయాయి. ఆట ఎక్కించేటప్పుడు అడిగే కీ నంబర్లు ఉండేది ఆ అట్టల మీదే. ఇమేజిలు ఉన్న హార్డు డిస్కు అలమరా కింద తడిసి ప్రాణం వదిలింది. అయితే మావయ్య దానికి ఇంకో ప్రతి తీయించి, సూరత్‌లో మగ్గాల పనికెళ్ళిన మా బావ ఇంట్లో పెట్టించాడు. గంజాంలో ప్రతి ఇంటికీ సూరత్‌లో ఒక మనిషి ఉంటాడు గనక అది పెద్ద విశేషమేమీ కాదు. అసలు మేమే ఒక రకంగా అలాంటి ప్రతులం. 1936లో ఒడిశా ఏర్పడి గంజాం మద్రాసు రాజధాని నుంచి ఇటు వచ్చినప్పుడు, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అనుకుని ఉన్నచోటే ఉండిపోయిన తెలుగువాళ్ళం.

ఇమేజిలు సూరత్ నుంచి వచ్చాయి. కీ నంబర్లు మావయ్య తన కోర్టు డైరీలో ఎప్పుడో ఎక్కించి ఉంచాడు. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' కీ కొడితే తప్పంది. మళ్ళీ కొట్టాం. మళ్ళీ తప్పంది. తేలిందేమిటంటే, ముప్పై ఏళ్ళ కోర్టు అలవాటు కొద్దీ ఆయన అంకెలు ఒడియాలో వేశాడు. ఒడియా ఏడు చూడ్డానికి ఇంగ్లీషు తొమ్మిదిలాగే ఉంటుంది. పేజీ మొత్తం మావయ్యే కళ్ళజోడు పెట్టుకుని చదివి చెప్పాల్సొచ్చింది, సాక్షి వాంగ్మూలంలా.

అశోకుడి రాళ్ళూ ఇదే అవస్థ పడ్డాయి. ప్రతులు భద్రంగానే ఉన్నాయి, చదివే దిక్కే లేకపోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి గుట్టు విప్పేదాకా ఊళ్ళవాళ్ళకి అవి గీతల రాళ్ళే. మా డిస్కులు చదివే దిక్కు లేకుండా పోవడానికి అంత కాలం పట్టలేదు. 2015లో విండోస్ 10 వస్తూనే సేఫ్‌డిస్క్‌కి కావాల్సిన డ్రైవరును లోపలికి రానివ్వనంది. అది భద్రతకి ముప్పట, నిజమే కూడా. దాంతో డబ్బిచ్చి కొన్న అసలు డిస్కు, గీత లేకుండా మెరుస్తున్నది కూడా, అందులో ఆడదు. ఆ ఆటల కోసమే విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటరు ఒకదాన్ని మావయ్య గదిలో ఉంచాం. చైత్రంలో దానికి తాళం వేస్తాం.

కాబట్టి అటక మీద డిస్కుల సంచి ఉన్నవాళ్ళకి ఒక మనవి. వచ్చే ఆదివారం దించండి. డ్రైవు లేని ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ సీడీ డ్రైవు ఒకటి కొనుక్కోండి. పాటలున్న ఆటైతే బిన్ తీయండి, పాటలూ తాళమూ లేకపోతే ఐఎస్‌ఓ చాలు. తీశాక ఒకసారి ఆడించి చూసుకోండి. ఒక ప్రతి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాలింట్లో పెట్టండి, చిన్న పిల్లలు లేని ఇల్లు చూసి. కీ నంబరు మాత్రం ఇంగ్లీషు అంకెల్లో రాయండి.